నాలవజాము స్వప్నము : పావగడ సీమ నుండి ఒక పరిశీలనము

తుమకూరు మండలమందలి పావగడ తాలూకాను పటమున చూచినవారికి అది ఆంధ్రభూమిలోనికి చాచిన చేతివలె కనబడును. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గ ప్రాంతములు దానిని మూడువైపుల చుట్టియున్నవి. 1956వ సంవత్సరమున భాషాప్రయుక్తముగ రాష్ట్రములను పునర్విభజించినపుడు ఈ తాలూకా మైసూరు రాష్ట్రముననే నిలిచెను. 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటకమను పేరు వచ్చినది. ఇంటిలో తెలుగు, కచేరిలో కన్నడము అనునది ఇచ్చటి ప్రజలకు నాటినుండి నేటివఱకు సహజమైన జీవితవిధానము. కరికాలచోళుని వంశమువారమని చెప్పుకొన్న నిడుగల్లు చోళుల దుర్గము ఈ తాలూకాలోనిదే. వర్షము తక్కువ, మెట్టపొలములలో ప్రధానమైన పంట వేరుశనగ. 2018లో ప్రారంభింపబడిన తిరుమణి సౌరవిద్యుత్కేంద్రము సుమారు 13,000 ఎకరముల నేలను ఆక్రమించియున్నది. ఇంత ఎండ కాయు సీమ కాబట్టియే అది ఇచ్చట వెలసినది.

పగటి సంగతి అట్లుండ, ప్రస్తుత విషయము ఈ సీమ రాత్రికి సంబంధించినది. వేరుశనగ కాయ పట్టిన దినములలో అడవిపందుల బెడదచే రైతు పొలముననే మంచె వేసికొని పండుకొనును. ఇంటికడ పండుకొన్నవాడును త్రీఫేజు కరెంటు అర్ధరాత్రి దాటి వచ్చినపుడు లేచి మోటారు వేసి, మడికి నీరు కట్టి, మరల వచ్చి నడుము వాల్చును. ఇట్లు తెల్లవారుజామున రెండవమాఱు కన్ను మూసినవానికి వచ్చు కల మిక్కిలి స్పష్టముగ ఉండుననియు, ఆ జాము కల నిజమగుననియు పల్లెలలో అందఱు చెప్పుదురు. నిజమగునను మాట ఎట్లున్నను, స్పష్టముగ ఉండునను మాట సత్యము. దాని కారణము 1953వఱకు లోకమునకు తెలియలేదు.

కలను గూర్చి మనవారు సామాన్యముగ అడుగు ప్రశ్న ఒక్కటే: దాని ఫలమేమి? జాతరలలో అమ్ము స్వప్నఫల పుస్తకములు ఆ ప్రశ్నకు సమాధానములు. పాము కనబడిన నిది, పండ్లు ఊడిన నది అని పట్టికలు. ఈ వ్యాసమున పరిశీలింపబడునది వేఱొక ప్రశ్న. కల కనుచుండగనే, "ఇది కల" అని ఎఱుగుట సాధ్యమా? సాధ్యమైనచో దానిని క్రొత్తవాడు నేర్వగలడా? నిదురలోనే కలిగెడు ఈ ఎఱుకను ఇచ్చట స్వప్నజాగృతి అని వ్యవహరింతము. కలలో దేవుడు కనబడి ఆజ్ఞాపించుట స్వప్నజాగృతి కాదు. ఆజ్ఞను విని మేల్కాంచినవాడు నిదురనుండి లేచినాడు. స్వప్నజాగృతి పొందినవాడు నిదురలోనే లేచినాడు. ఈ రెంటిని కలిపివేయుటచే క్రొత్తవారు ఎందఱో దారి తప్పుచున్నారు. కొందఱు తమకు వచ్చిన ప్రతి కలను ఆజ్ఞగ భావించి భయపడుదురు. మఱికొందఱు దేవుడు కనబడలేదు కాన తాము అనర్హులమని విడిచిపెట్టుదురు.

ఈ భేదము మన ప్రాచీనులకు తెలియనిది కాదు. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు జనకునకు స్వప్నమును గూర్చి చెప్పుచు దానిని ఇహపరముల నడిమి సంధిస్థానముగ వర్ణించినాడు. అచ్చట రథములు లేవు, బాటలు లేవు, కొలనులు లేవు. పురుషుడే వానిని కల్పించుకొనును అని ఆయన సిద్ధాంతము. అనగా స్వప్నమునకు కర్త కలగనువాడే కాని బయటివాడు కాడు. మాండూక్యము జాగ్రత్స్వప్నసుషుప్తులను మూటిని చెప్పి, వానికి అతీతమైన నాలవదానిని నిరూపించినది. పతంజలి యోగసూత్రముల మొదటి పాదమున చిత్తమును నిలుపుటకు చెప్పిన ఉపాయములలో స్వప్నమునందును నిద్రయందును కలిగెడు జ్ఞానమును ఆలంబనముగ గ్రహించుట ఒకటి. వైద్యులు మఱింత లౌకికముగ ఆలోచించిరి. చరకసంహిత ఇంద్రియస్థానమున కలలు ఏడువిధములుగ విభజింపబడినవి: చూచినది, విన్నది, అనుభవించినది, కోరినది, కల్పించుకొన్నది, రాబోవునది, దోషముచే కలిగినది. ఇందు మొదటి అయిదును నిష్ఫలములని చరకుని అభిప్రాయము. స్వప్నఫల పుస్తకములు కొనువారు ఈ ఒక్క మాటను చదివినచో వానిలో పెక్కుపుటలు విప్పనవసరము ఉండదు.

ఐనను, కలను వశపఱచుకొనుటను గూర్చి సూటిగ మాటలాడినవారు కాశ్మీర శైవులు. 9వ శతాబ్దికి చెందిన స్పందకారికలలో, సాధకునకు కలయందును తాను కోరిన విషయమును చూచు స్వాతంత్ర్యము కలుగుననియు, సావధానత లేనివానికి మాత్రము మెలకువలో వలెనే కలలోను సృష్టి తన యిచ్చవచ్చినట్లు సాగుననియు చెప్పబడినది. వ్యాఖ్యాతలు దీనిని స్వప్నస్వాతంత్ర్యమనిరి. 11వ శతాబ్దికి చెందిన నారోపాదుని పేర టిబెట్టునకు చేరిన ఆఱు యోగములలో స్వప్నయోగము ఒకటి. పగలు చూచు సర్వమును కలగ భావించుచు ఉండినచో, రాత్రి కలలో ఆ భావన తానై మేల్కొనునని ఆ సంప్రదాయము. ఆ భావన వెనుక నున్న తత్త్వమునకు ఆచార్యుడైన నాగార్జునుని శ్రీపర్వతముతో ముడిపెట్టు ఐతిహ్యము ఆంధ్రులకు సుపరిచితమే. మాయ, స్వప్నము, గంధర్వనగరము అను మూడు దృష్టాంతములు ఆయన మూలమధ్యమకమునందు కలవు.

ఇక తెలుగు వాఙ్మయమునకు వత్తము. తెలుగు కావ్యములకు స్వప్నముతో గల బంధుత్వము అసాధారణమైనది. 13వ శతాబ్దిలో తిక్కన సోమయాజి విరాటపర్వారంభమున తన స్వప్నమును వర్ణించినాడు. గతించిన తండ్రి కొమ్మన కలలో కనబడి హరిహరనాథుని అనుగ్రహమును తెలుపుట, పిదప హరిహరనాథుడే సాక్షాత్కరించుట, కవి నుతించుట, భారతమును తనకు కృతి ఇమ్మని స్వామి అడుగుట — ఇది ఆ స్వప్నక్రమము. తిక్కన తరువాత కృతిపతి కలలో కనబడుట అవతారికలకు పరిపాటియైనది. పరిపాటి కాబట్టి అదంతయు కల్పనయే అని త్రోసివేయువారు కలరు. ఆ నిర్ణయము తొందరపాటు. పరిపాటిలోనుండియే కొన్ని వివరములు అనుభవపు వాసన వేయుచున్నవి.

వానిలో ముఖ్యమైనది శ్రీకృష్ణదేవరాయల స్వప్నము. కళింగ దండయాత్రా సందర్భమున రాయలు కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున విడిసెను. ఇది నేటి కృష్ణాజిల్లాలోని శ్రీకాకుళము. ఉత్తరాంధ్రలోని పట్టణముతో దీనిని పొరపాటుపడుట కలదు. అచ్చట ఆంధ్రవిష్ణువును సేవించి, ఏకాదశి ఉపవాసము చేసి, ఆ రాత్రి నాలవజామున కల గాంచెను. స్వామి దేవీసహితుడై కనబడి, సంస్కృతమున ఇన్ని కృతులు చేసినవాడవు, ఒకటి తెలుగున చేయరాదా అని అడిగెను. తెలుగును గూర్చి సభలలో తఱచు వినవచ్చు ఆ ప్రసిద్ధ పద్యము ఈ కలలో దేవుడు పలికినదే అను సంగతి సభలలో అంత తఱచుగ వినరాదు. ఆ స్వప్నముననే స్వామి తాను తెలుగురాయడననియు, ఎదుటివాడు కన్నడరాయడనియు సంబోధించును. రాయల వంశమువారికి పెనుకొండ విడిదియై, పిదప రాజధానియైనది. ఆ కొండ పావగడకు పొరుగున ఉన్నది. కన్నడ దేశమున ఉండి తెలుగు మాటలాడువారికి ఈ సంబోధన ఎంత దగ్గఱదో వివరింప నక్కఱలేదు.

స్వప్నశాస్త్ర దృష్టితో ఈ కథలో గమనింపవలసినవి రెండు. మొదటిది కాలము. ఉపవాసముచే నిదుర తేలికయైనది. జాము నాలవది, అనగా రాత్రి మూడు గంటలు దాటిన వేళ. రెండవది స్వభావము. రాయలు ఆ కలలో వినువాడే కాని పరీక్షించువాడు కాడు. తాను కల కనుచున్నాననుట మేల్కాంచిన పిదప మాత్రమే తెలిసి, లేచి గోపురమువైపు మ్రొక్కి, ఉదయమున సభను కూర్చి చెప్పుకొన్నాడు. తిక్కన స్వప్నమునను ఇంతే. కలను కలగ గుర్తించుట ఈ రెండింటను లేదు; అది ఆ కవుల ఉద్దేశమును కాదు.

పోతన విషయమున ఒక సవరణ అవసరము. "పోతనకు రాముడు కలలో కనబడెను" అని పాఠశాలలలో చెప్పుట వాడుక. భాగవతావతారికను జాగ్రత్తగ చదివినచో అట్లు లేదు. చంద్రగ్రహణపు రాత్రి నదిలో స్నానము చేసి, ఇసుకతిన్నెపై కూర్చుండి, మహేశ్వరధ్యానమున కన్నులు కొంచెము తెఱచియున్న స్థితిలో రామభద్రుడు ఆయనకు గోచరించినాడు. కన్నులు పూర్తిగ మూయలేదు, పూర్తిగ తెఱవలేదు. అది నిదుర కాదు. సామాన్యమైన మెలకువయు కాదు. నిదురకును మెలకువకును నడుమ నున్న ఆ సన్నని గట్టును గూర్చి ఇంత కచ్చితముగ చెప్పిన కవి తెలుగున అరుదు. దానిని కలగ మార్చి చెప్పుటవలన పోతన మాటలోని సూక్ష్మత నశించినది.

పోతన భాగవతముననే స్వప్నజాగృతికి అత్యంత సమీపమైన ఘట్టము కలదు. విచిత్రమేమనగా, అందు ఎవరును నిదురించుట లేదు. మన్ను తినినాడని కృష్ణుని నోరు తెఱపించిన యశోద, ఆ నోట బ్రహ్మాండమును చూచి నివ్వెఱపోయినది. తెలుగు నేర్చిన ప్రతి బాలునకును ఆ పద్యము కంఠస్థమే. ఆమె దిగ్భ్రమతో ఊరకుండలేదు, ప్రశ్నించినది. ఇది కలయా, విష్ణుమాయయా, లేక తన బుద్ధి చలించెనా అని సందేహించినది. తాను నిజముగ యశోదయేనా, ఇది తన యిల్లేనా అని తన్ను తాను అడిగినది. అద్భుతరసమునకు ఉదాహరణముగ మాత్రమే ఈ పద్యమును ఉపాధ్యాయులు బోధించుచున్నారు. కాని అందున్నది ఒక పరీక్షాపద్ధతి. ఎవరు, ఎచ్చట, ఇది ఏమి అను మూడు ప్రశ్నలు. అసంభవమైనది కనబడగనే ఆ మూటిని వేసికొనుటయే నేటి శాస్త్రజ్ఞులు స్వప్నజాగృతి నేర్వగోరువారికి చెప్పు మొదటి అభ్యాసము. పూజారంభమున చెప్పు సంకల్పమునందును దేశము, కాలము, గోత్రనామములు వరుసగ చెప్పబడును. కలలోనున్నవాడు ఈ మూటిని సరిగ చెప్పలేడు. చెప్పబోయినచో కల తడబడును.

ఉషాకన్య కథయు ఇచ్చట జ్ఞప్తికి వచ్చును. కలలో చూచిన పురుషుడెవరో తెలియక ఆమె తల్లడిల్లగ, చెలికత్తె చిత్రలేఖ లోకమందలి రాకుమారుల చిత్తరువులను వ్రాసి చూపినది; వానిలో అనిరుద్ధుని ఉష గుర్తించినది. కల చెదరిపోకముందే దానిని బొమ్మగనో అక్షరముగనో బంధించి పరిశీలించుట ఎంత ముఖ్యమో చిత్రలేఖ ఎఱిగినది.

కావున తెలుగు వాఙ్మయమున స్వప్నజాగృతికి కావలసిన భాగములన్నియు ఉన్నవి. కాని ఒకచోట లేవు. నాలవజాము రాయలవద్ద ఉన్నది, ప్రశ్న యశోదవద్ద ఉన్నది, లేఖనము చిత్రలేఖవద్ద ఉన్నది. రాయలు ప్రశ్నింపలేదు, యశోద నిదురపోలేదు. ఈ భాగములను ఒకటిగ కూర్చినవారు పాశ్చాత్యులు. అదియు మిక్కిలి ఆలస్యముగ.

నిద్రించుచుండగనే మనస్సులో ఏదో ఒకటి "ఇది కల" అని చెప్పుట కలదని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన స్వప్నగ్రంథమున ఒక మాట వ్రాసి విడిచినాడు. పిదప చాలకాలమునకు, 1867లో హెర్వే ద సెయింట్‌డెనీ అను ఫ్రెంచి పండితుడు స్వప్నములను నడపు ఉపాయములను గూర్చి ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆయన చైనా భాషలో ఆచార్యుడు. బాల్యముననే ప్రారంభించి తన కలలను 22 పుస్తకములలో వ్రాసి ఉంచినాడు. ప్రతిదినము కలను వ్రాయు అలవాటువలన కలలోనే "దీనిని రేపు వ్రాయవలెను" అను తలంపు కలిగి, అందుండి ఎఱుక పుట్టినదని ఆయన అనుభవము. హాలండు దేశపు వైద్యుడును రచయితయునైన ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో ప్రకటించిన వ్యాసమున ఇట్టి కలలకు నేడు లోకమంతట వాడుకలోనున్న 'లూసిడ్ డ్రీమ్' అను ఆంగ్లనామమును ఉపయోగించినాడు. 1898 మొదలు 1912 వఱకు ఆయనకు కలిగిన ఇట్టి కలలు 352. అవి యన్నియు ఉదయము 5 గంటలకును 8 గంటలకును నడుమ వచ్చినవని ఆయన నమోదుచేసెను. రాయల నాలవజామునకును, పావగడ రైతు రెండవ కునుకునకును, ఈ హాలండు వైద్యుని గడియారమునకును గల పొత్తు విస్మయము కలిగించును.

ఆ పొత్తునకు కారణమును 1953లో చికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు కనుగొనిరి. నిదురలో కొన్ని ఘట్టములందు మూసిన రెప్పలక్రింద కనుగుడ్లు వేగముగ చలించుననియు, అప్పుడు లేపినచో మనుష్యుడు తఱచు కలను చెప్పుననియు వారు నిరూపించిరి. సుమారు 90 నిమిషముల కొకమాఱు వచ్చు ఈ చలనేత్రనిద్ర తొలిరాత్రి కొద్దిసేపు మాత్రమే ఉండి, రాత్రి గడచినకొలది దీర్ఘమగుచు, తెల్లవారుజామున అత్యధికమగును. అర్ధరాత్రి దాటి లేచి కొంతసేపు మెలకువతో నుండి మరల నిద్రించినవాడు మెదడు చుఱుకుగ నుండగనే ఈ నిద్రలో ప్రవేశించును. కరెంటు వేళలను నిర్ణయించు అధికారులకు తెలియకపోయినను, వారు పావగడ సీమ రైతులను ఈ అభ్యాసమునకు చిరకాలముగ సిద్ధపఱచుచునే ఉన్నారు.

ఐనను సందేహవాదులు ఒప్పుకొనలేదు. కలలో ఎఱుక కలిగెననువాడు నిజముగ ఆ క్షణమున మేల్కొనియే ఉండెనేమో అని వారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. దానికి సమాధానము 1975వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయమున దొరకినది. నిదురలో శరీరమంతయు నిశ్చేష్టమైనను కనుగుడ్లు మాత్రము కదలును గదా. కాన కలలో ఎఱుక కలుగగనే కన్నులను ఎడమకు కుడికి ముందుగ ఏర్పఱచుకొన్న విధముగ త్రిప్పవలెనని కీత్ హర్న్ అను పరిశోధకుడు ఆలన్ వర్స్‌లీ అను స్వప్నసాధకునితో నియమము చేసికొన్నాడు. నిదురించువాని యంత్రలేఖనముపై ఆ సంజ్ఞ స్పష్టముగ వ్రాయబడినది. కలలోనుండి మెలకువకు వచ్చిన మొదటి ఉత్తరమది అనవచ్చును. ఆ పరిశోధన అప్పట్లో ఎక్కువమందికి తెలియరాలేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున స్టీఫెన్ లాబెర్జ్ స్వతంత్రముగ ఇట్టి ఫలితమునే సాధించి ప్రకటించెను. 1980లో ఆయన వ్రాసిన మఱొక వ్యాసము మన విషయమునకు మఱింత సమీపము: తనకు మూడు సంవత్సరములలో కలిగిన 389 స్వప్నజాగృతులను ఆధారముగ గొని, ఇది పుట్టుకతో వచ్చు వరము కాదు, నేర్వదగిన నేర్పు అని ఆయన వాదించినాడు. 2021లో అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్సు దేశముల పరిశోధకులు 36 మందిపై చేసిన ప్రయోగములలో, కలలోనున్నవారిని 8 నుండి 6 తీసివేసిన ఎంత అనునట్టి ప్రశ్నలు అడుగగా, వారిలో కొందఱు నిదురలోనుండియే కన్నులతో సరియైన సమాధానము ఇచ్చిరి. సరియైన సమాధానములు మొత్తములో ఐదవవంతునకు తక్కువయే; ఐనను కలగనువానితో సంభాషణ సాధ్యమని తేలినది.

ఇప్పుడు క్రొత్తవాని సంగతి. వేర్వేఱు దేశములలో జరిగిన పరిశీలనలను 2016లో ఒకచోట కూర్చి చూడగా, ఇంచుమించు 55 శాతము జనులకు జీవితమున ఒక్కమాఱైనను స్వప్నజాగృతి కలిగినదని తేలినది. కావున ఇది సిద్ధులకు పరిమితమైనది కాదు. పావగడలోని ఒక యువకుడు దీనిని నేర్వగోరినచో అతడు చేయవలసిన మొదటి పని పక్కదగ్గఱ ఒక పుస్తకము, ఒక పెన్సిలు ఉంచుకొనుట. మేల్కాంచగనే కదలక, కన్ను తెఱవక, కల తోకను పట్టుకొని వెనుకకు పోవలెను, దొరకినంత వ్రాయవలెను. మొదటి వారమున రెండుమాటలే దొరకవచ్చును. కొన్ని వారములు వ్రాసిన పిదప తన కలలలో మరల మరల వచ్చునవి ఏవో తెలియును: ఎన్నడో కూలిన పాత ఇల్లు, మరణించిన తాత, తప్పిపోయిన బస్సు. ఇవి అతనికి గుఱుతులు.

రెండవది యశోద ప్రశ్న. పగటివేళ, ఏ కొంచెము వింత కనబడినను, ఇది కలయా అని నిజముగ సందేహించి పరీక్షింపవలెను. ముక్కు మూసి ఊపిరి పీల్చి చూచుట ఒక పరీక్ష. కలలోనైనచో ముక్కు మూసినను ఊపిరి ఆడును. అక్షరములను రెండుమాఱులు చదువుట మఱొకటి. కలలో రెండవమాఱు అవి మాఱిపోవును. ఈ రెండవ పరీక్షకు పావగడవానికి ఇతరులకు లేని సౌకర్యము ఒకటి కలదు. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెండ్రు. తలకట్టు, కొన్ని అక్షరముల తీరు తప్ప పోలికలు ఎక్కువ. రెండును చదువనేర్చినవాడు బస్సుపై బోర్డును చూచి, ఇది ఏ లిపిలో ఉన్నది అని అడిగికొని, కన్ను త్రిప్పి మరల చూడవలెను. మెలకువలో కన్నడ బోర్డు కన్నడముగనే ఉండును. కలలో అది తెలుగై, మరల ఏ భాషయు కానిదై పోవచ్చును. పరీక్షను యాంత్రికముగ చేసినచో మాత్రము ఫలము లేదు. కలలోను యాంత్రికముగనే చేసి, మెలకువలోనే ఉన్నానని నిశ్చయించుకొని సాగిపోవుదురు; ఇది క్రొత్తవారందఱికిని జరుగునదే.

మూడవది సంకల్పము. నాలవజామున మోటారు వేసివచ్చి పండుకొన్నపుడు, అంతకుముందు వచ్చిన కలను జ్ఞప్తికి తెచ్చుకొని, ఈమాఱు కల కనునపుడు ఇది కలయని గుర్తుంచుకొందును అని అర్థమును భావించుచు అనుకొని, ఆ కలలోనే మేల్కొన్నట్లు ఊహింపవలెను. ఇది లాబెర్జ్ పద్ధతి. 2017లో ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధనలో, పగటి పరీక్షలు, తెల్లవారుజామున లేచుట, సంకల్పము అను మూటిని కలిపి వారము దినములు చేసినవారికి సుమారు 17 శాతము రాత్రులలో ఫలము కలిగెను. సంకల్పము ముగించి 5 నిమిషములలో నిదురపోగలిగినవారికి అది 46 శాతము. అనగా సంకల్పమును పట్టుకొని ప్రాకులాడక, దానిని ఉంచి నిదురించుట తెలిసినవాడే నెగ్గును. శ్రమించి పని చేసి వచ్చిన రైతునకు ఇది పట్టణవాసికంటె సులభము కావచ్చును.

తొలి ఎఱుక సామాన్యముగ కొన్ని క్షణములే. "ఇది కల!" అను సంతోషోద్రేకమే నిదురను చెఱచును. అట్టి సమయమున కలలోని అరచేతులను రాచుకొనుచు, కలలోని నేలను తాకి చూచుచు ఉండినచో కల నిలుచునని అనుభవజ్ఞులు చెప్పుదురు.

అపాయములను దాచుట తగదు. చలనేత్రనిద్రలో శరీరము నిశ్చేష్టమై ఉండుట ప్రకృతిధర్మము; లేకున్న కలలో పరుగెత్తువాడు మంచెమీదినుండి దూకును. ఆ నిశ్చేష్టత వదలకముందే మనస్సు మేల్కొన్నచో, కదలలేక, నోరు రాక, ఎదపై ఎవరో కూర్చున్నట్లు తోచును. పల్లెలలో దీనిని దయ్యము పట్టినదందురు. భూతవైద్యుని ఇంటికి పోయి వేలకొలది రూపాయలు వ్యయము చేసిన కుటుంబములు కలవు. కొన్ని క్షణములలో తానే తొలగిపోవు శారీరకస్థితి అది. వ్రేళ్ళకొనలను కదల్పబూని నెమ్మదిగ ఊపిరి తీసినచో చాలును. తఱచుగ వచ్చుచున్నచో వైద్యునికి చెప్పవలెను. మెలకువలోనే నిజమునకును భ్రమకును భేదము తెలియక బాధపడువారు ఈ అభ్యాసమునకు పూనుకొనరాదు. ప్రతిరాత్రియు నిదుర చెఱచుకొనుటయు పనికిరాదు. వారమున ఒకటి రెండు రాత్రులు చాలును. ఇందువలన ప్రయోజనమున్నదా అనువారికి ఒక సమాధానము: ఒకే పీడకలను మరల మరల కని బాధపడువారికి, కలలోనే దానిని కలయని గుర్తించి ఎదుర్కొనుట నేర్పి ఉపశమనము కలిగించు ప్రయత్నములు వైద్యలోకమున జరిగినవి. పంట పోయిన సంవత్సరమున, అప్పుల కాలమున రైతునకు పీడకలలు తక్కువగ ఉండవు.

పుస్తకమును ఏ భాషలో వ్రాయవలెను అను ప్రశ్న పావగడలో వచ్చితీరును. ఇచ్చటి బాలురలో పెక్కుమంది బడిలో కన్నడమున వ్రాయుదురు, కళాశాలలో ఆంగ్లమున వ్రాయుదురు, కల మాత్రము తెలుగున కందురు. మఱునాడు ఆంగ్లమున వ్రాయబోయినచో కలలో అవ్వ అన్న మాట దొరకదు. దాని తాత్పర్యము మాత్రమే మిగులును. కల గుఱుతులు తాత్పర్యములో ఉండవు, ఆ మాటలోనే ఉండును. ఈ సీమ తెలుగులో కన్నడపు పలుకులు కలసియుండుట సహజము. వానిని దిద్దక, కలలో విన్నది విన్నట్లు వ్రాయవలెను. నాలవజామున దీపము వెలిగించి, నిదురమత్తులో తలకట్టు తప్పినను సరే, వంకరటింకర అక్షరములతో నిండిన ఆ పుటనే మఱునాటి రాత్రి సంకల్పమునకు ముందు అతడు చదువుకొనవలసియున్నది.